గెడ్డకు గీత గీస్తే చాలదు: విజయనగరం జిల్లాలో లేఅవుట్లకు అనుమతులిచ్చే అధికారులకు బహిరంగ లేఖ

పట్టణాభివృద్ధి సంస్థల కమిషనర్లకు, టౌన్ ప్లానింగ్ అధికారులకు, మున్సిపల్ కమిషనర్లకు, పంచాయతీ కార్యదర్శులకు

నమస్కారం.

భోగాపురం విమానాశ్రయం మాట పుట్టినప్పటి నుంచీ భోగాపురం, డెంకాడ, పూసపాటిరేగ, నెల్లిమర్ల మండలాల్లో మెట్టభూములు హద్దురాళ్లతో నిండిపోతున్నాయి. లేఅవుట్లు వద్దని మేం ఈ లేఖ రాయడం లేదు. ఇళ్లస్థలాలు కావాల్సినవాళ్లున్నారు, అమ్ముకునే హక్కు రైతుకుంది. మా బాధల్లా వేరు. మీ సిబ్బంది వచ్చి చూసేది ఏప్రిల్‌లో, ఎండిన నేలను. కొలిచేది ప్లాను మీది గీతను. నీళ్లు పాడయ్యేది మాత్రం జూన్ నుంచి నవంబరు దాకా. అందుకే లేఅవుట్ పనులు పూర్తి చేస్తామన్న హామీగా మీ దగ్గర తనఖాలో ఉన్న ప్లాట్లను ఒక వానాకాలం గడిచాక, వాన పడిన నేలను చూశాక మాత్రమే విడుదల చేయాలని అడుగుతున్నాం. అప్పుడు ఏమేం చూడాలి, ఇప్పుడు ఎక్కడ తేడా కొడుతోంది అన్నది కింద వివరంగా రాస్తున్నాం.

2017 నాటి భవన నిబంధనలు, అంటే జీవో 119, నీటివనరుల చుట్టూ వదలాల్సిన దూరాలు చెబుతున్నాయి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు. అంతకన్నా చిన్న చెరువుకు, బందకు 9 మీటర్లు. పది మీటర్లకు మించి వెడల్పున్న గెడ్డకు (వాగుకు), కాలువకు 9 మీటర్లు, అంతకన్నా సన్నగా ఉంటే 2 మీటర్లు. చంపావతి నదిలో కలిసే గెడ్డలు చాలావాటికి పుట్టిన చోట పది మీటర్ల వెడల్పుండదు. అంటే పై భాగమంతా రెండు మీటర్ల గీతతోనే సరిపెట్టుకోవాలి. మట్టి, మురుగు మొదట దిగేది ఆ సన్న పాయల్లోకే. నిబంధన మారేదాకా ఆగక్కర్లేదు. అనుమతి పత్రంలో షరతుగా రాసి ఏ గెడ్డకైనా 9 మీటర్లు వదిలించే వీలు మీకుందని మా నమ్మకం.

అసలు గెడ్డ ఉందా లేదా అన్న దగ్గరే మొదటి తప్పు జరుగుతోంది. మన జిల్లాలో చాలా ఊళ్లు ఒకప్పటి ఎస్టేటు గ్రామాలు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగలే వాటికి మూలం. పెద్ద గెడ్డ అందులో పోరంబోకుగా ఎక్కి ఉంటుంది. జిరాయితీ భూమి మధ్య నుంచి పోయే చిన్న పాయ ఎక్కదు. సర్వేయరు వేసవిలో వెళితే అక్కడ కనబడేది ఒక పల్లం, నాలుగు ఈతచెట్లు, కొంచెం రెల్లు. ప్లానులో అది చదునైన నేలగా మారిపోతుంది. గ్రామ నక్షా, పొలం కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీ, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, అక్టోబరు-నవంబరులో తీసిన ఉపగ్రహ చిత్రం, ఈ నాలుగూ ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే ఆ పాయ దాక్కోలేదు. నాలుగింటిలో ఏ ఒక్కదానిలో కనబడినా అది గెడ్డేనని పట్టుకోండి. లేదని రుజువు చేసే భారం దరఖాస్తుదారు మీద పెట్టండి. ఎండిపోయింది కాబట్టి చెరువు కాదనే వాదనను సుప్రీంకోర్టు హించ్‌లాల్ తివారీ కేసులో 2001లోనే తోసిపుచ్చింది. చెరువు పోరంబోకును ఇళ్లస్థలాలకు ఇవ్వడం చెల్లదని చెప్పింది.

చెరువు దగ్గర ఇంకో చిక్కుంది. పూర్తి నీటిమట్టం అంటే సర్వే రోజున నీళ్లు ఎంతవరకు ఉన్నాయన్నది కాదు, అలుగు పైభాగం ఎత్తు. ఆ ఎత్తును మట్టం కొలిచే ఆటోలెవెల్‌తో చెరువు చుట్టూ తీసుకెళ్లి, ముప్పై మీటర్లకొక రాయి పాతాలి. అలుగును పగలగొట్టి కిందికి దించేసిన చెరువులు ఎన్నో ఉన్నాయి. పగిలిన అలుగును కొలిస్తే చెరువు విస్తీర్ణం తగ్గిపోతుంది, 30 మీటర్ల గీత చెరువు గర్భంలో పడుతుంది. పాత అలుగు రాతికట్టు గుర్తులు, మదుం తూము మట్టం, చిన్ననీటిపారుదల శాఖ దగ్గర ఉన్నచోట ట్యాంక్ మెమోయిర్ (చెరువు వివరాల రికార్డు) చూసి, అసలు మట్టాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఇక గీత సరిగ్గా గీసిన చోట కూడా నీరు ఎందుకు పాడవుతోందో చూడండి. లేఅవుట్‌లోని మురుగు, వాననీటి కాలువలన్నీ ఒక మూలకు చేరతాయి. అక్కడి నుంచి ఒక హ్యూమ్ (సిమెంటు) పైపు ఆ తొమ్మిది మీటర్ల పట్టీ కింద నుంచి నేరుగా గెడ్డలోకి తెరుచుకుంటుంది. ప్లాను ప్రకారం బఫర్, అంటే ఖాళీగా వదిలిన ఆ పట్టీ, ఉంది. నీటికి మాత్రం అది లేదు. గడ్డి, వేళ్లు, ఆకుచెత్త మట్టిని పట్టేది నీరు పలచగా, నెమ్మదిగా నేల మీద పరుచుకుని పారినప్పుడే. పైపులోంచి ఒక్క చోట దూకే నీరు గట్టును కోసి మరింత మట్టిని వెంటబెట్టుకు పోతుంది. పైపు నోరు బఫర్‌కు ఇవతలే ఆగాలి. అక్కడ గెడ్డకు సమాంతరంగా కనీసం పది మీటర్ల పొడవున, మట్టం తప్పకుండా రాతి గడప కట్టాలి. పైపు నీరు ముందు ఒక చిన్న గుంటలో పడి వేగం చచ్చి, ఆ గడప మీదుగా ఒకే మందంలో పొర్లి గడ్డిలోకి దిగాలి. మట్టం అంగుళం తప్పినా నీరంతా ఆ పల్లపు కొసనే దారి చేసుకుంటుంది. అందుకే దీన్ని పైపులో నీరు వదిలి చూశాకే ఒప్పుకోవాలి. అయిదు నిమిషాల పని.

రోడ్డు గెడ్డను దాటే చోట వేసే పైపుల గురించి కూడా ఒక్క లెక్క చెప్పాలి. చదరపు కిలోమీటరు మేర నుంచి నీరు వచ్చే గెడ్డ మీద గంటకు 50 మి.మీ. వాన పడి, అందులో సగం పారితే సెకనుకు దాదాపు 7 ఘనమీటర్ల నీరు వస్తుంది. 600 మి.మీ. హ్యూమ్ పైపు నిండుగా, సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారినా పంపేది 0.57 ఘనమీటర్లే. అంటే పన్నెండుకు పైగా పైపులు కావాలి. వేస్తున్నది రెండు, మహా అయితే మూడు. మిగతా నీరు రోడ్డును కోసుకుపోతుంది. ఆ గ్రావెలంతా కింది చెరువులోకి చేరుతుంది.

మట్టి సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం దానివల్లే. ఎకరం నేల మీంచి ఒక్క మిల్లీమీటరు మందం కొట్టుకుపోతే 4 ఘనమీటర్లు, సుమారు 6 టన్నులు. పదెకరాల చెరువులో ఒక సెంటీమీటరు మేట వేస్తే 4 లక్షల లీటర్ల నీళ్లకు చోటు పోయినట్టు. మనది ఖొండలైటు రాయి అరిగి ఏర్పడిన ఎర్రనేల. అందులో సన్నటి బంక ఎక్కువ, ఇనుము ఎక్కువ. ఆ ఇనుము భాస్వరాన్ని పట్టుకుంటుంది. కాబట్టి మట్టితో పాటే ఎరువు కూడా చెరువులోకి దిగుతుంది, మరుసటేడు గుర్రపుడెక్క పైకి లేస్తుంది.

మట్టి ఆపడానికి గుంట తవ్వామని చూపించే లేఅవుట్లు కొన్నున్నాయి. మంచిదే. కానీ గుంట ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియాలి. కదలని నీటిలో 0.1 మి.మీ. ఇసుక రేణువు మీటరు లోతుకు రెండు నిమిషాల్లో దిగుతుంది. 0.02 మి.మీ. ఒండ్రుకు ముప్పావు గంట పడుతుంది. 0.002 మి.మీ. బంకమన్నుకు మూడు రోజులు దాటుతుంది. తుపాను వానలో గుంటలో నీరు మూడు రోజులు నిలవదు. కాబట్టి ఇసుకకు, ఒండ్రుకు గుంట చాలు. ఎర్రటి బంకను మాత్రం అసలు లేవకుండానే చూసుకోవాలి.

గుంట కొలత ఎకరాకు 100 ఘనమీటర్లు, అంటే మొదటి 25 మి.మీ. పారుదలను పట్టేంత. 18 మీటర్ల పొడవు, అయిదున్నర మీటర్ల వెడల్పు, మీటరు లోతు ఉంటే ఎకరాకు సరిపోతుంది. పొడవు వెడల్పుకు మూడింతలు ఉండాలి. నీరు ఒక కొస నుంచి వచ్చి రెండో కొస నుంచి పోవాలి. చదరంగా తవ్వి, రావడం, పోవడం పక్కపక్కనే పెడితే నీరు అడ్డదారిన పోతుంది, గుంటలో సగం ఊరకే ఉంటుంది. బయటికి పోయే చోట రాతిపేర్పు పెట్టాలి. సగం మేట వేయగానే తీయాలి. తీసిన మట్టిని గెడ్డ గట్టు మీద పోస్తే మళ్లీ మొదటికొస్తుంది.

బంక లేవకూడదంటే నేలను బోడి చేయకూడదు. పదెకరాలనూ ఒకేసారి జేసీబీతో చెక్కేయడం ఇప్పుడు ఆనవాయితీ అయిపోయింది. కొనడానికి వచ్చినవాళ్లకు చదునుగా, ఎర్రగా, కొత్తగా కనబడాలట. ఇల్లు కట్టేది అయిదేళ్లకో పదేళ్లకో, అప్పటిదాకా నేల బోడిగా తడుస్తూనే ఉంటుంది. రోడ్లు, కాలువలు పోయే మేరకే చెక్కాలి. ప్లాట్లలో ఉన్న గడ్డిని, తుప్పను ఇల్లు కట్టేదాకా ముట్టుకోకూడదు. ఇందుకు వ్యాపారికి పైసా ఖర్చు లేదు, డీజిలు మిగులుతుంది కూడా. ఈ ఒక్క షరతు మిగతా అన్నిటికన్నా ఎక్కువ మేలు చేస్తుందని మా అభిప్రాయం. మట్టిపని జనవరిలో మొదలుపెట్టి మే నెలాఖరుకు ఆపాలి. రోడ్డు పక్కల, కాలువ ఒడ్డుల మీద గరిక పాతాలి. వాలు ఎక్కువున్న చోట అడ్డంగా వట్టివేరు వరసలు వేయాలి. వరసకూ వరసకూ ఎత్తులో మీటరు తేడా, పిలకకూ పిలకకూ 15 సెం.మీ. ఉండాలి. అంటే వంద మీటర్ల వరసకు దాదాపు 670 పిలకలు. తొలకరికి నాటితే అక్టోబరు తుపాన్ల నాటికి వరస కాస్తయినా అల్లుకుంటుంది. సెప్టెంబరులో నాటితే వరదలో పోతుంది.

చెక్కిన పైమట్టిని అమ్మేయడం ఇంకో జబ్బు. 15 సెం.మీ. మందాన ఎకరాకు 600 ఘనమీటర్లు వస్తుంది. దాన్ని రెండు మీటర్లకు మించని కుప్పలుగా పోసి, గడ్డి కప్పి, పార్కు స్థలంలో, బఫర్‌లో తిరిగి పరచాలి. పైమట్టి పోయిన నేలలో ఎన్ని మొక్కలు నాటినా ఫొటోకే పనికొస్తాయి.

ఇప్పుడు మురుగు. ముప్పై అడుగులకు అరవై అడుగుల 200 గజాల ప్లాటును తీసుకోండి. వాస్తు ప్రకారం బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో. అందరూ వాస్తు పాటిస్తారు, కాబట్టి మీ వాయవ్య మూల ఎవరిదవుతుంది? పడమటి పక్కింటివాళ్ల ఈశాన్య మూల. అంటే మీ సెప్టిక్ ట్యాంకుకూ వాళ్ల బోరుకూ మధ్య ఒక్క ప్రహరీ గోడే. గళ్ల కాగితంలా కోసిన ఏ లేఅవుట్‌లోనైనా, ప్లాటు ఏ ముఖం చూసినా, మధ్యలో రోడ్డు రాని ప్రతిచోటా ఇదే జరుగుతుంది. సెప్టిక్ ట్యాంకు నీరు దిగే ఇంకుడు గొయ్యి తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని భారత ప్రమాణం 2470 చెబుతోంది. 18 మీటర్లంటే ఆ ప్లాటు పొడవు మొత్తం. ప్లాటు లోపల బోరును, గోతిని ఎటు జరిపినా నాలుగు పక్కల ఇళ్లతో ఆ దూరం కుదరదు.

సెప్టిక్ ట్యాంకు మలాన్ని అడుగుకు దించుతుందే తప్ప నీటిని శుద్ధి చేయదు. బయటికి వచ్చే నీటిలో రోగకారక క్రిములు చాలామటుకు అలాగే ఉంటాయి. శుద్ధి జరిగేది ఆ తర్వాత నేలలో, గోతి అడుగుకూ ఊటమట్టానికీ మధ్య కనీసం రెండు మీటర్ల పొడి నేల ఉన్నప్పుడు. వానాకాలంలో పల్లపు నేలల్లో ఊట పైకి వస్తుంది, ఆ రెండు మీటర్లు ఉండవు. అప్పుడు మురుగు నేరుగా ఊటలో కలుస్తుంది. మురుగుతో వచ్చే నైట్రేటు తాగునీటిలో లీటరుకు 45 మి.గ్రా. మించకూడదు. మరగబెట్టినా నైట్రేటు పోదు. విజయనగరం పట్టణానికి నెల్లిమర్ల, రామతీర్థం వైపు చంపావతి ఇసుకలోని ఊటబావుల నుంచి కూడా నీళ్లు వస్తాయి. ఆ నదికి పైన, పక్కన లేచే ప్రతి లేఅవుట్ మురుగు పట్నం కుళాయి సంగతే. అన్నట్టు, రోడ్డు మీది నీటిని ఇంకుడు గుంతలోకి మళ్లించడం మంచి పని అనుకుంటున్నారు. ఇంటి కప్పు నీటికే ఇంకుడు గుంత. రోడ్డు నీరు నూనె, పేడ, మురుగు కలిసి ఊటలోకి దిగే అడ్డదారి.

దీనికి దారి ఉంది, పెద్ద ఖర్చు కూడా కాదు. లేఅవుట్‌కంతటికీ ఎత్తు భాగంలో ఒకటే బోరు, ఒకటే ట్యాంకు, పల్లంలో ఒకటే మురుగుశుద్ధి. యాభై ఇళ్లు, ఇంటికి నాలుగున్నర మంది, మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో ఎనభై శాతం మురుగు అనుకుంటే రోజుకు 24,300 లీటర్లు. సెప్టిక్ ట్యాంకులో దిగిన తర్వాత ఈ నీటిని 60 సెం.మీ. లోతు కంకర పడకలో జమ్ము, తుంగ వేళ్ల మధ్య నుంచి పారిస్తే చాలా వరకు తేటపడుతుంది. మనిషికి రెండు చదరపు మీటర్ల చొప్పున 450 చదరపు మీటర్లు కావాలి. మూడు ప్లాట్లంత కూడా లేదు. ఇది ఎక్కడ చెడుతుందంటే, కంకరలో మట్టి కలిసినప్పుడు, ముందున్న ట్యాంకును రెండు మూడేళ్లకొకసారి తోడనప్పుడు. తోడించే బాధ్యత ఎవరిదో అనుమతి పత్రంలోనే రాయించండి.

చెట్ల విషయానికొస్తే, దరఖాస్తుతో పాటు చెట్ల పటం అడగండి. రొమ్మెత్తున 30 సెం.మీ. చుట్టుకొలత దాటిన ప్రతి చెట్టూ పేరుతో, చోటుతో అందులో ఉండాలి. 2002 నాటి వాల్టా చట్టం కింద చెట్టు నరకడానికి అనుమతి కావాలన్నది అందరికీ తెలిసిందే. పటం లేకపోవడంతో నరికాక అక్కడ చెట్టు ఉండేదని చెప్పేవాళ్లుండరు. మిగిల్చిన చెట్లు కూడా రెండు మూడేళ్లలో చచ్చిపోతుంటాయి. కారణం మొదలు చుట్టూ పోసిన గ్రావెలు. వేళ్లు గాలి పీల్చేది పై అడుగు మట్టిలోనే. దాని మీద అరడుగు నింపి రోలరు తొక్కిస్తే ఊపిరాడదు. కాండం వ్యాసం అంగుళానికి ఒక అడుగు చొప్పున, అంటే అడుగు మందం చింతచెట్టుకు మొదలు నుంచి అన్ని వైపులా పన్నెండు అడుగుల దూరంలో కంచె వేసి, లోపల తవ్వడం, నింపడం, సిమెంటు కడగడం ఆపాలి. తాటిచెట్టును పీకి ఇంకోచోట నాటుతామన్న హామీని నమ్మకండి. అది చచ్చిపోతే, కొత్త తాటి కాపుకొచ్చేసరికే పన్నెండేళ్లు దాటుతుంది.

"తుప్పలు శుభ్రం చేశాం" అని రాసే మాటను కూడా ఒకసారి నిలదీయండి. ఆ తుప్పలు కలివి, బలుసు, పరికి, తంగేడు. నీళ్లు పోయకుండా బతికేవి, వాలు మీద నేలను పట్టుకున్నవి. వాటిని తీసేసి కోనోకార్పస్ వరసలు, రాయల్ పామ్‌లు పెడుతున్నారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో కోనోకార్పస్‌ను నిషేధించింది. మన బఫర్‌కు కావాల్సిన మొక్కలు మన గెడ్డల మీదే ఉన్నాయి. నీటి అంచున రెల్లు, తుంగ, వావిలి, మొగలి. దాని పైన తెల్లమద్ది, నేరేడు, మేడి, కానుగ, నాలుగు మీటర్ల ఎడంలో. లేఅవుట్ వైపు చివరి మూడు మీటర్లు పూర్తిగా గడ్డి, రాతి గడప దాటిన నీరు పరుచుకునేందుకు. చెరువు మట్టిగట్టు మీద మాత్రం పెద్ద చెట్లు వద్దు. చెట్టు చచ్చాక వేరు కుళ్లిన బెజ్జం గుండా గట్టు కారుతుంది. గెడ్డ ఒడ్డున సర్కారు తుమ్మ ఉంటే ఒకేసారి పీకేయకండి. ముక్కలు ముక్కలుగా తీస్తూ, ఖాళీ అయిన చోట ముందు వావిలి నాటాలి. నాటిన మొక్కల్లో రెండో వేసవి దాటాక ఎనభై శాతం బతికి ఉండాలని షరతు పెట్టండి, ఎన్ని నాటారన్న లెక్క అనవసరం. ఒడ్డున వదిలిన బఫర్ పట్టీనే పార్కుగా చూపించే అలవాటుంది. సగం మేరకు ఒప్పుకోవచ్చని మా ఉద్దేశం. మొత్తం ఒప్పుకుంటే పిల్లలు ఆడుకునే చోటు ఉండదు, అసలు ఒప్పుకోకపోతే ఎవరూ వదలరు.

ముక్కాం, చేపలకంచేరు, కోనాడ వైపు తీరంలో ఇసుకదిబ్బలు తీరప్రాంత నియంత్రణ మండలం, అంటే సీఆర్‌జెడ్‌లో అత్యంత రక్షణ ఉన్న వర్గం కిందికి వస్తాయి. మొగలి, రావణాసురుడి మీసాలు ఉన్న దిబ్బను చదును చేస్తే దాని వెనకున్న మంచినీటి ఊటలోకి ఉప్పు చేరుతుంది. అక్కడ ఎన్ని మీటర్లు వదలాలన్న బేరమే ఉండకూడదు.

తనిఖీ ఎలా? అక్టోబరులో 50 మి.మీ. దాటిన వాన పడిన రోజు, లేఅవుట్‌కు ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా నీరు, గంట తేడా లేకుండా పట్టండి. నీటి మసకను కొలిచే టర్బిడిటీ మీటరుతో చూస్తే రెండు నిమిషాలు. దిగువ సీసా ఎగువకన్నా పావు వంతుకు మించి బురదగా ఉంటే తనఖా ప్లాట్లు విడుదల కాకూడదు. రాతి గడప, గుంట మేట, మొక్కల లెక్క అప్పుడే చూడొచ్చు. ఈ నివేదికను, ప్లానును పంచాయతీ కార్యాలయంలో గోడకు అంటించండి. దిగువ ఆయకట్టు రైతుకు మీ సిబ్బందికన్నా ముందే గెడ్డ రంగు తెలుస్తుంది.

ఇప్పటికే అమ్ముడైపోయి క్రమబద్ధీకరణకు వచ్చిన లేఅవుట్లలో తొమ్మిది మీటర్లు వెనక్కి రావు, ఇళ్లు లేచిపోయాయి. వాటిలో కనీసం రెండు పనులు చేయించండి. గెడ్డలోకి దిగిన పైపును వెనక్కి జరిపి గడప కట్టించడం, ఇంకా ఇల్లు కట్టని ప్లాట్లకు విడి సెప్టిక్ ట్యాంకు అనుమతి ఆపి ఉమ్మడి శుద్ధికి చోటు చూపించడం. వసూలైన జరిమానాలో భాగం ఆ ఊరి చెరువు మేట తీయడానికే ఖర్చు పెట్టండి.

ఇట్లు,
నీటివనరులు, నేల, వృక్షశాస్త్ర రంగాల్లో పనిచేస్తున్న కొందరు విజయనగరం జిల్లా వాసులు